వడ్లకూ కరెంటు బిల్లుకూ తాత ఎవరు? సంబంధం లేని టైపులకు సూపర్‌టైప్ పెట్టాలా, వద్దా

మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లుకు సాఫ్ట్‌వేర్ రాస్తున్న తమ్ముడొకడు పోయిన యాసంగి కోతలప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకొని నల్లగొండకు వచ్చాడు. ఇంజినీరింగ్ చివరి ఏడాది. స్క్రీన్ మీద ఆరు జావా క్లాసులున్నాయి: వడ్ల లోడు, హమాలీ కూలి, కరెంటు బిల్లు, గన్నీ సంచుల కొనుగోలు, బియ్యం డెలివరీ, రైతు చెల్లింపు.

"అన్నా, ఇవన్నీ రోజువారీ చిట్టాల ఒక్క లిస్టుగ కనబడాలె. అన్నిటికీ ఒక పేరెంట్ క్లాస్ పెట్టాల్నా? పెడితే దాంట్ల ఏం రాయాలె?"

రెండో ప్రశ్నలోనే మొదటిదానికి సగం జవాబుంది. పేరెంట్‌లో ఏం రాయాలో తోచడం లేదంటే ఆ ఆరింటికీ అసలు బంధుత్వం ఉందో లేదో చూడాలి. కాలేజీలో మనకు చెప్పే పాఠం జంతువు, కుక్క, పిల్లి. కుక్కా జంతువే, పిల్లీ జంతువే, అందుకని పైన జంతువు క్లాస్. వడ్ల లోడు పైన ఏముండాలో ఆ పాఠంలో రాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎదురయ్యేది మాత్రం ఇదే.

మన ఊళ్లలో ఎదురుపడ్డ ప్రతి మనిషినీ ఏదో ఒక వరుస కలిపి పిలుస్తాం. పక్కింటాయన చిన్నాయన, పాలు పోసే ఆమె అక్క, బస్సు కండక్టరు అన్న. అది మర్యాద. భూమి పంపకాల రోజు ఆ చిన్నాయన వచ్చి వాటా అడగడు. ఒక టైపుకు సూపర్‌టైప్, అంటే పైన పేరెంట్‌గా ఉండే టైపు, పెట్టడం పంపకాల కాగితంలో పేరు ఎక్కించడం లాంటిది. ఇక మీదట పేరెంట్‌ను తీసుకునే ప్రతి ఫంక్షనూ ఈ పిల్లనూ తీసుకోవాలి, తీసుకొని సరిగ్గా పనిచేయాలి. 1987లో కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ ఒక సదస్సు ప్రసంగంలో చెప్పిన నియమం ఇదే: పేరెంట్ పనిచేసే చోట పిల్లను పెడితే ప్రోగ్రామ్ నడత మారకూడదు. నియమం చిన్నది, ఖరీదు పెద్దది. అందుకే ఏ దారి పట్టాలన్నా ముందు ఒకటి అడగాలి: ఈ లిస్టును వాడుకునేవాళ్లు అందులోని ప్రతి వస్తువుతో ఏం చేస్తారు?

భాషే ఇచ్చిన తాత

జావాలో ప్రతి క్లాసుకూ పైన ఆబ్జెక్ట్ ఉంటుంది. సీ షార్ప్‌లోనూ, పైథాన్ 3లోనూ అంతే. కాట్లిన్‌లో, స్కాలాలో దాని పేరు ఎనీ. మనం ఏమీ రాయకుండానే దొరికే ఉమ్మడి సూపర్‌టైప్ ఇది. అన్నిటినీ ఆబ్జెక్ట్‌ల లిస్టులో వేసేస్తే ఆ సాయంత్రానికి పని అయిపోతుంది.

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అది పుట్టిన చోటు చెబుతాను.

కొన్నేళ్ల కింద ఒక అడ్తి దుకాణానికి లెక్కల ప్రోగ్రామ్ రాశాను. రైతులు వానాకాలం పంట పైసల్లో కొంత దుకాణంలోనే ఉంచి, యాసంగికి ఎరువులూ విత్తనాలూ కొనేటప్పుడు తీసుకుంటారు. ఆ నిల్వలను రైతు నంబరు కీగా ఒక మ్యాప్‌లో (కీ ఇస్తే దాని విలువ వెతికిచ్చే పట్టిక) పెట్టాను. కీ టైపు లాంగ్, అంటే పెద్ద అంకెల టైపు. తర్వాత ఎప్పుడో రసీదు ముద్రించే ఫంక్షన్‌ను మారుస్తూ రైతు నంబరును ఇంట్‌గా, అంటే చిన్న అంకెల టైపుగా, చదివాను. జావా మ్యాప్‌లో కీ ఇచ్చి విలువ అడిగే ఫంక్షన్ కీ టైపును పట్టించుకోదు, ఏ ఆబ్జెక్ట్ ఇచ్చినా తీసుకుంటుంది. నా ఇంట్ చడీచప్పుడు లేకుండా ఇంటిజర్ ఆబ్జెక్ట్ అయింది. లాంగ్ 4127, ఇంటిజర్ 4127 జావా దృష్టిలో సమానం కావు. మ్యాప్‌లో దొరకలేదు. దొరకకపోతే సున్నా తీసుకో అని రాసింది నేనే. నడవకముందే కోడ్‌లో తప్పులు పట్టాల్సిన కంపైలర్ నోరెత్తలేదు, ప్రోగ్రామ్ ఆగలేదు. రసీదు మీద నిల్వ సున్నా అని వచ్చింది. ఒక పెద్దాయన పాత రసీదు మడత విప్పి చూపిస్తూ కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆయన దగ్గర ఆ కాగితం లేకుంటే ఆయన మాట ఎవరు నమ్మేవాళ్లో నాకు తెలియదు.

తప్పు నాది. ఆ తప్పును కంపైలర్ పట్టకుండా చేసింది ఉమ్మడి తాత. అందరూ ఆబ్జెక్టులే కాబట్టి దేన్నయినా దేనితోనైనా సమానమా అని అడగవచ్చు. అడిగిన ప్రశ్నకు అర్థం లేకపోయినా "కాదు" అని జవాబు వస్తుంది.

భాషలు కట్టేవాళ్లు కూడా ఇక్కడి నుంచి మెల్లగా వెనక్కి వస్తున్నారు. కాట్లిన్‌లో ఇంట్‌నూ స్ట్రింగ్‌నూ సమానమా అని అడిగితే కంపైలరే ఆపుతుంది. 2021లో వచ్చిన స్కాలా 3లో ఏ రెండు టైపులను పోల్చవచ్చో ముందే చెప్పి, మిగతా పోలికలను నిషేధించే వీలుంది. టైప్‌స్క్రిప్ట్‌లో ఎనీ అంటే తనిఖీ మొత్తం మూసేయడమే. 2018లో 3.0తో అన్‌నోన్ అనే టైపు తెచ్చారు. అందులో ఏదైనా పెట్టవచ్చు, అయితే లోపల ఏముందో తేల్చుకోనిదే ముట్టుకోనివ్వదు. సీ ప్లస్ ప్లస్ మొదటి నుంచీ ఇలాంటి తాతను పెట్టుకోలేదు. నిజంగా అన్నిటికీ వర్తించే క్లాసుకు తనదైన అర్థం ఏదీ మిగలదన్నది ఆ భాషను తయారుచేసిన స్ట్రౌస్ట్రప్ వాదన. హాస్కెల్‌లోనూ రస్ట్‌లోనూ ఒకే లిస్టులో అంకెనూ స్ట్రింగ్‌నూ పెట్టబోతే అక్కడికక్కడే లోపం చూపిస్తాయి.

కంపైలర్ తానే వరుసలు కలపడమూ ఉంది. జావాలో ఒక ఇంటిజర్‌నూ ఒక స్ట్రింగ్‌నూ ఒకే లిస్టులో పెట్టి టైపును నువ్వే తేల్చుకొమ్మంటే, ఈ రెండూ కంపేరబుల్, రెండూ సీరియలైజబుల్ అని ఉమ్మడి బంధువులను వెతికి తెస్తుంది. కంపేరబుల్ అంటే పోల్చదగినవి. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చి వరుసలో పెట్టమంటే మాత్రం ప్రోగ్రామ్ నడిచేటప్పుడు క్యాస్ట్ లోపం (ఒక టైపును ఇంకో టైపుగా తీసుకోబోతే వచ్చేది) వస్తుంది. ఇంటిపేరు కలిసింది, గోత్రం కలవలేదు.

మరి ఆబ్జెక్ట్, ఎనీ ఎప్పుడూ వద్దా? లాగ్‌లో రాయడానికి, ఏ ఆబ్జెక్ట్‌నైనా జేసన్‌గా మార్చే లైబ్రరీకి, క్యాష్‌కు అవి సరైనవే. ఆ కోడ్‌కు లోపల వడ్లున్నాయా బిల్లుందా అన్నది నిజంగానే అనవసరం. బయటి నుంచి వచ్చే డేటాకు కూడా గడప దాకా అన్‌నోన్ లాంటి టైపు మంచిది. కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టకముందే తేమ మీటరు పెట్టి 17 శాతం దాటిందా అని చూస్తారు, దాటితే ఆరబోయమంటారు. బస్తాల్లోకి ఎక్కాక ఎవరూ మళ్లీ అడగరు. డేటాకూ అదే పద్ధతి పెట్టుకోవాలి: తనిఖీ గడప దగ్గర ఒక్కసారి, లోపల పక్కా టైపులు.

మనం కట్టుకునే పేరెంట్ క్లాస్

తమ్ముడి మనసు దీని మీదే ఉంది. ఆరింటిలోనూ తేదీ ఉంది, ఐడీ ఉంది, ఎవరు నమోదు చేశారో ఉంది. వీటిని ఎత్తి పేరెంట్‌లో పెడితే కోడ్ తగ్గుతుంది. నిజమే, తగ్గుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో కూడా చూడాలి.

అతను అప్పటికే "పరిమాణం" అనే ఫీల్డ్‌ను కూడా పేరెంట్‌లోకి ఎక్కించాడు. వడ్ల లోడులో పరిమాణం అంటే క్వింటాళ్లు. గన్నీ సంచుల్లో సంచుల లెక్క. కరెంటు బిల్లులో యూనిట్లు. లిస్టు కింద "మొత్తం పరిమాణం" చూపించే ఫంక్షన్ ఒకటి రాశాడు. అది కంపైల్ అయింది, నడిచింది, క్వింటాళ్లనూ సంచులనూ యూనిట్లనూ కలిపి ఒక అంకె ఇచ్చింది. ఆ అంకెకు ఈ భూమ్మీద అర్థం లేదు.

రెండో దశ ఇంకా మెల్లగా వస్తుంది. ప్రభుత్వ వడ్లు మర పట్టి ఇచ్చేటప్పుడు క్వింటాకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. ఆ లెక్క బియ్యం డెలివరీకి మాత్రమే చెందుతుంది. లిస్టు చేతిలో ఉన్నది పేరెంట్ టైపు కాబట్టి, లిస్టులోంచి పిలవడానికి వీలుగా ఆ ఫంక్షన్‌ను పేరెంట్‌లోకి లాగుతాం. మిగతా అయిదు క్లాసుల్లో "ఇది వర్తించదు" అని ఎక్సెప్షన్ విసిరేలా రాస్తాం. ఏడాది తిరిగేసరికి పేరెంట్‌లో ఇరవై ఫంక్షన్లుంటాయి, ఏది ఎవరికి వర్తిస్తుందో రాసినవాడికే గుర్తుండదు.

పెద్దవాళ్లూ ఇక్కడ కాలు జారారు. జావా మొదటి వెర్షన్ నుంచీ ఉన్న ప్రాపర్టీస్ అనే క్లాసు హ్యాష్‌టేబుల్‌కు (మ్యాప్ లాంటి పాత క్లాసు) వారసురాలు. ప్రాపర్టీస్‌లో ఉండాల్సినవి స్ట్రింగులే, కానీ హ్యాష్‌టేబుల్ నుంచి వచ్చిన ఫంక్షన్‌తో ఏ ఆబ్జెక్ట్‌నైనా వేయవచ్చు. వేస్తే తర్వాత ఫైల్‌లోకి రాసేటప్పుడు బెడిసికొడుతుంది. ఆ ఫంక్షన్లు వాడవద్దని జావా డాక్యుమెంటేషన్ ఇప్పటికీ గట్టిగా హెచ్చరిస్తుంది. పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని ఆ బంధుత్వాన్ని తెంచలేకపోయారు. వారసత్వం తెంచుకోవడం బయటి లోకంలో ఎంత కష్టమో, కోడ్‌లోనూ అంతే.

తేదీ, ఐడీ, నమోదు చేసినవారు అనే మూడింటి కోసం పేరెంట్ అక్కర్లేదు. "నమోదు వివరాలు" అని చిన్న క్లాసు చేసి, ఆరింటిలోనూ ఒక ఫీల్డ్‌గా పెట్టుకుంటే చాలు. కోడ్ అంతే తగ్గుతుంది, బంధుత్వం అంటుకోదు. డేటాబేస్ కోసం ఉమ్మడి పేరెంట్ తప్పదనుకునేవాళ్లు జేపీఏలోని (జావా క్లాసులను డేటాబేస్ టేబుళ్లతో కలిపే ప్రమాణం) మ్యాప్డ్ సూపర్‌క్లాస్‌ను చూడండి. కాలమ్‌లు పంచుకోవడానికి అది పనికొస్తుంది, కానీ దాని పేరుతో క్వెరీ రాయడానికి జేపీఏ ప్రమాణం ఒప్పుకోదు. ఈ రెండు అవసరాలూ వేరని ఆ ప్రమాణం రాసినవాళ్లకు తెలుసు.

ఒక్క పనికి ఒక్క ఇంటర్‌ఫేస్

మిల్లులో కాంటాలు రకరకాలు. గేటు దగ్గర వేబ్రిడ్జి, గోదాంలో ప్లాట్‌ఫాం కాంటా, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఒకటి బరువును కిలోల్లో పంపితే ఇంకొకటి ముందు ఏవో అక్షరాలు కలిపి పంపుతుంది. వాటి లోపలి నిర్మాణంలో పోలిక ఉండదు. మనకు కావాల్సింది ఒక్కటే, బరువు చదివి ఇవ్వడం. ఇక్కడ ఇంటర్‌ఫేస్ (ఏ పని చేయాలో మాత్రమే చెప్పి, ఎలా చేయాలో ప్రతి క్లాసుకూ వదిలేసే ఒప్పందం) పెట్టడానికి నేను ఒక్క క్షణం ఆలోచించను. జావా, గో, రస్ట్, పైథాన్ ప్రోటోకాల్, ఏదైనా సరే. రేపు కొత్త కాంటా కొంటే కొత్త క్లాసు ఒకటి రాస్తాం, పాత కోడ్ కదలదు.

ఇంటర్‌ఫేస్ సన్నగా ఉండాలి. అందులో ఉన్న ప్రతి ఫంక్షనూ ప్రతి సభ్యుడికీ నిజంగా వర్తించాలి. ఒక్కటి వర్తించకపోయినా మళ్లీ పరిమాణం కథే.

ఏ టైపు వచ్చినా ఒకే పని చేసే కోడ్ అయితే జెనరిక్స్ (టైపు చోటు ఖాళీగా ఉంచి, వాడేటప్పుడు నింపుకునే పద్ధతి) చాలు. లిస్టును తిరగేయడం, పేజీలుగా విడగొట్టడం లాంటివాటికి ఉమ్మడి పేరెంట్ ఊసే అక్కర్లేదు. జావాకు ఇవి 2004లో, గో భాషకు 2022లో వచ్చాయి. అంతకుముందు ఆ రెండు భాషల్లోనూ ఇలాంటి పనికి ఆబ్జెక్ట్ లేదా ఖాళీ ఇంటర్‌ఫేసే దిక్కు. పాత పుస్తకాల్లో ఆ అలవాటు ఇంకా కనిపిస్తుంది, దాన్ని చూసి నేర్చుకోకండి.

మూసిన జట్టు

రకాలు ఎన్నో ముందే తెలిసి, అవి మన చేతిలోనే ఉండి, ఒక్కో రకానికి ఒక్కోలా చేయాల్సి వస్తే ఈ దారి. జావా 17లో సీల్డ్ ఇంటర్‌ఫేస్ వచ్చింది. ఇందులో ఫలానా ఆరుగురే ఉంటారు, ఏడోవాడు రాడు అని రాసిస్తాం. జావా 21లో స్విచ్‌ను ఆ ఆరింటి మీద రాస్తే, ఒక్కటి మరిచిపోయినా కంపైల్ కాదు. రస్ట్‌లో ఈనమ్, టైప్‌స్క్రిప్ట్‌లో యూనియన్, పైథాన్ 3.10 నుంచి నిలువు గీతతో రాసే యూనియన్, సీ ప్లస్ ప్లస్ 17లో వేరియంట్, అన్నీ ఈ కుటుంబానివే.

వీటిలో ఒక తేడాను ఎంచుకునే ముందే గమనించాలి. టైప్‌స్క్రిప్ట్ యూనియన్‌లో ఉన్న టైపులకు తాము యూనియన్‌లో ఉన్నామనే తెలియదు, వేరేవాళ్లు రాసిన టైపునైనా చేర్చుకోవచ్చు. జావా సీల్డ్‌లో ప్రతి సభ్యుడూ తన కోడ్‌లోనే ఆ ఇంటర్‌ఫేస్ పేరు చెప్పాలి, అదే మాడ్యూల్‌లో, మాడ్యూళ్లు వాడకపోతే అదే ప్యాకేజీలో ఉండాలి. లైబ్రరీ నుంచి వచ్చిన టైపును నేరుగా చేర్చలేం, చిన్న రికార్డులో (డేటా మోయడానికే ఉన్న క్లాసు) చుట్టి పెట్టాలి.

ఇంటర్‌ఫేస్‌కూ మూసిన జట్టుకూ మధ్య ఎటు మొగ్గాలంటే, ఏది పెరుగుతుందో చూడాలి. రకాలు పెరుగుతూ చేసే పని అలాగే ఉంటే ఇంటర్‌ఫేస్. రకాలు స్థిరంగా ఉండి, చేసే పనులు (రిపోర్టులు, రసీదులు, లెక్కలు) ప్రతి సీజనుకూ పెరుగుతుంటే మూసిన జట్టు. రెండూ పెరిగితే ఏ భాషకైనా కష్టమే. కంప్యూటర్ శాస్త్రవేత్త ఫిలిప్ వాడ్లర్ 1998లో దీనికి ఎక్స్‌ప్రెషన్ ప్రాబ్లమ్ అని పేరు పెట్టాడు. మిల్లులో కాంటాలు మొదటి రకం, చిట్టా రెండో రకం.

చిట్టా రాసే గుమాస్తా ఏం చేస్తాడు

తమ్ముడిని ఒక్కటే అడిగాను. "మిల్లుల గుమాస్తా చిట్టా ఎట్ల రాస్తడు?"

తేదీ వేస్తాడు. ఎవరి పేరు మీదో రాస్తాడు. జమనో ఖర్చో తేల్చి రూపాయలు వేస్తాడు. వడ్లు వచ్చినా, కరెంటు బిల్లు కట్టినా, హమాలీలకు కూలి ఇచ్చినా అదే వరుస. గుమాస్తా వడ్లను పుస్తకంలో పెట్టడు, వడ్ల గురించి ఒక పద్దు రాస్తాడు.

ఆరు క్లాసులను ఒక తాత కిందికి తేవాలని అతను పడుతున్న తంటా అంతా ఇక్కడ విడిపోయింది. చిట్టా తెరకు కావాల్సింది పద్దుల లిస్టు. పద్దు అనే ఒక్క సాదా రికార్డు చాలు: తేదీ, పేరు, వివరం, జమ, ఖర్చు. ఆరు క్లాసులకు ఆరు చిన్న ఫంక్షన్లు, ఒక్కోటి తన వస్తువును పద్దుగా మారుస్తుంది. వడ్ల లోడు క్లాసుకు చిట్టా అనేది ఒకటుందనే తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. పేరెంట్ లేదు, ఇంటర్‌ఫేస్ లేదు, క్యాస్ట్ లేదు. నేను చూసినంతవరకు ఉమ్మడి సూపర్‌టైప్ కోసం మొదలైన వాదనల్లో సగానికి ఇదే మందు, అయినా దీన్ని ఒక దారిగా ఎవరూ లెక్కపెట్టరు.

ఒక చిక్కు మిగిలింది. చిట్టాలో ఒక వరుసను నొక్కితే దాని పూర్తి కాగితం తెరుచుకోవాలి. లోడు అయితే తక్‌పట్టీ, కూలి అయితే హమాలీల పట్టిక, డెలివరీ అయితే 67, 68 కిలోల లెక్క. అక్కడ రకం తెలియాలి. అందుకని పద్దులో "మూలం" అని ఒక ఫీల్డ్ పెట్టి, దాని టైపును ఆరుగురి సీల్డ్ ఇంటర్‌ఫేస్‌గా చేయమన్నాను. ఆ ఇంటర్‌ఫేస్‌లో ఒక్క ఫంక్షన్ కూడా లేదు. లోడు, బిల్లు క్లాసులు కూడా నేరుగా అందులో చేరలేదు. లోడు మూలం, బిల్లు మూలం అని ఐడీ మాత్రమే మోసే రికార్డులు చేరాయి.

"ఇంటర్‌ఫేస్ ఖాళీగ ఉంటే ఎట్లన్నా, బాగుంటదా?" అన్నాడు.

ఖాళీగా ఉన్నందుకే బాగుంటుంది. వీటిలో ఉమ్మడిది ఏదీ లేదన్న నిజాన్నే అది చెబుతోంది. స్విచ్ రాసినప్పుడు ఒక్కోదాన్ని విడిగా చూసుకోమంటుంది.

కాంటాలకు సన్నటి ఇంటర్‌ఫేస్ పెట్టాడు. పరిమాణం ఫీల్డ్‌ను పేరెంట్‌తో సహా తీసేసి క్వింటాళ్లకు వేరే టైపు, యూనిట్లకు వేరే టైపు చేశాడు. ఇప్పుడు ఆ రెండింటినీ కలపబోతే కంపైలర్ ఒప్పుకోదు. రైతు నంబరును కూడా ఉత్త లాంగ్‌గా ఉంచకుండా దానికంటూ ఒక టైపు చేయమని నేనే పట్టుబట్టాను. కారణం అడిగితే పెద్దాయన రసీదు సంగతి చెప్పాను. మ్యాప్‌లోంచి విలువ తీయడాన్ని కూడా ఒక ఫంక్షన్‌లో దాచి, ఆ ఫంక్షన్ రైతు నంబరు టైపును మాత్రమే తీసుకునేలా రాయించాను.

నెల తర్వాత ఫోన్ చేశాడు. మిల్లులో తౌడు అమ్మకం కూడా చిట్టాకు ఎక్కించాలన్నారట. సీల్డ్ జాబితాలో ఏడో పేరు రాయగానే కంపైలర్ నాలుగు చోట్ల ఎర్రగీత గీసింది. మూడు అతను ముందే ఊహించినవి. నాలుగోది నెల చివర తీసే ఆదాయ వ్యయాల రిపోర్టు. అది ఉన్న సంగతే మరిచిపోయానన్నాడు.